చిన్నరైలు చీలలు కొట్టిన చక్రాలమ్మ

ఎంతసేపూ ఆ గోడ మీది ఫొటోలో కుర్చీలో కూర్చున్న నల్లకళ్ళద్దాల పెద్దమనిషి ఎవరు, ఆయనకేం ఉద్యోగం అని అడుగుతారే గానీ, ఆయన పక్కన మొహమంతా మసకేసిపోయి నిలబడ్డ ఆ ఆడమనిషి ఎవరని మీలో ఒక్కళ్ళైనా అడిగారా? ఫొటో పాడైందనుకుంటారు. పాడూ లేదు, గీడూ లేదు. కదలొద్దమ్మా అని ఫొటో తీసేవాడు మూడుసార్లు మొత్తుకున్నా ఆవిడ కదిలింది, అందుకే అలా పడింది. మీ తాత తోడబుట్టిన అక్కర్రా ఆవిడ! కడుపున పుట్టినవాళ్ళుంటే వాళ్ళడిగేవాళ్ళు. లేరు కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఆ ఫోన్లు బోర్లా పెట్టి, కాసేపు నోళ్ళు మూసుకుని వినండి.

పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. పిలిచింది మాత్రం చక్రాలమ్మ అనే. కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టావే అని వాళ్ళమ్మ తిట్టిన తిట్టు అలా పేరైపోయింది. అన్నం కూడా గుమ్మంలో నిలబడే తినేది. ఒక చోట కుదురుగా ఉండమంటే నిప్పుల మీద నిలబెట్టినట్టు గిలగిలలాడేది. అలాంటిదాన్ని తెచ్చి తెచ్చి ఎవరికి ముడిపెట్టారనుకున్నారు? కూర్చుంటే కొండ, పడుకుంటే పర్వతం, అలాంటి మనిషికి. చిన్నరైలు లైను మీద కీమాన్ ఆయన.

చిన్నరైలంటే మీరు పార్కులో ఎక్కే బొమ్మరైలు అనుకునేరు. నిజం రైలే. కాకపోతే రెండు పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. గొర్రె అడ్డంగా పడుకుంటే మూతి ఒక పట్టా మీద, తోక ఇంకో పట్టా మీద. జంక్షన్ నుంచి నాలుగు దిక్కులకీ నాలుగు లైన్లు పోయేవి. ఒకటి రాతి గనులకి, ఒకటి కలప అడవికి, ఒకటి చక్కెర మిల్లుకి. నాలుగోది నది ఒడ్డు దాకా పోయి, ఏం చెయ్యాలో తోచనట్టు అక్కడే ఆగిపోయేది. ఎగుడు వచ్చిందంటే ఆ రైలు ఎంత నెమ్మదిగా పోయేదంటే, టోపీ ఎగిరిపోయినవాడు దిగి, టోపీ దులుపుకుని, మళ్ళీ అదే పెట్టె ఎక్కేవాడు. అయినా దాన్ని చిన్నచూపు చూడకండి. రాళ్ళు నింపుకుని దిగుడులో వచ్చేటప్పుడు అది చిన్నదీ కాదు, నెమ్మదీ కాదు.

పట్టాని కింది ఇనప దిమ్మకి పట్టి ఉంచేది ఒక చీల. జానెడు కూడా ఉండదు. రైలు పోయినప్పుడల్లా అదిరి అదిరి అది వదులవుతుంది. ఆ వదులైన చీలల్ని రోజూ చూసి, సుత్తితో దిగ్గొట్టేవాడే కీమాన్. ఆయనది గనుల లైను మీద మూడు మైళ్ళ ముక్క. పొద్దున ఒక పట్టా చూసుకుంటూ పోవాలి, మధ్యాహ్నం రెండో పట్టా చూసుకుంటూ రావాలి. ఉద్యోగంతో పాటు లైను పక్కనే ఒక గది, ఒక వసారా, ఒక నీళ్ళతొట్టి. రైలు వెళ్తే గదిలో గిన్నెలు గలగలమనేవి. చక్రాలమ్మకి ఆ చప్పుడే ఇష్టం. ఇంట్లో తనతో పాటు కదిలేవి అవొక్కటే.

పెళ్ళైన పన్నెండో ఏట ఆయన కళ్ళు మసకేశాయి. ముందు ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు లైను మీద ఎదురొచ్చిన గేదెని గ్యాంగు మేస్త్రీ అనుకుని, "నమస్కారం మేస్త్రీగారూ" అన్నాడు. ఆ మాట తిరిగి తిరిగి మేస్త్రీ చెవిన పడింది. ఆ మేస్త్రీ నోట్లో నువ్వుగింజ నానదు, కానీ మనసు మంచిది. సాయంత్రం వసారా ముందు నిలబడి, "ఏం చెల్లెమ్మా, మీ ఆయనకి నేనెలా కనపడుతున్నాను? కొమ్ములు కూడా ఉన్నాయంటనా?" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. రాత్రంతా పక్క మీద దొర్లి, తెల్లారగానే కొంగు బిగించి, ఆయనతో పాటు బయల్దేరింది.

మొదట్లో నీళ్ళ సీసా పట్టుకుని వెనక నడిచింది. తర్వాత పక్కన నడిచి, "ఇదిగో ఇది వదులు" అని వేలు పెట్టి చూపించింది. ఆయన కొట్టిన దెబ్బ చీలకి తగలక పట్టాకి తగిలి, సుత్తి ఎగిరి మోకాలి చిప్ప మీద పడ్డ రోజున, సుత్తి తనే తీసుకుంది. ఆ తర్వాత ఆయన ఆవిడ భుజం మీద చెయ్యేసి నడిచేవాడు, ఆవిడ కొట్టేది. ఎవరైనా వస్తున్నారంటే సుత్తి ఆయన చేతికి, నీళ్ళ సీసా ఆవిడ చేతికి మారిపోయేవి. నెల తిరక్కుండా చెవి కూడా పట్టుబడింది. బిగువున్న చీల మీద సుత్తి వేస్తే ఖంగుమంటుంది, వదులుదైతే మూలిగినట్టు డబ్బుమంటుంది. మూలుగు విన్నదంటే ఒకటే దెబ్బ, దిగిపోవాలి. ఆవిడది ఎడంచేతి వాటం. చిన్నప్పుడు ఆ చేతి మీద ఎన్ని వాతలు పడ్డాయో! ఇక్కడ అడిగేవాడెవడు?

డ్రైవర్లకి తెలుసు, గార్డుకి తెలుసు, గనుల కూలీలకి తెలుసు. పైవాళ్ళకి తప్ప అందరికీ తెలుసు. చిన్నలైను మీదికి పైవాళ్ళెప్పుడొచ్చారు గనక!

ఇలా రెండేళ్ళు గడిచాక మేస్త్రీ ఒకనాడు నీళ్ళతొట్టి దగ్గర ఆవిడని ఆపాడు. ఆయన అప్పటికింకా నిద్ర లేవలేదు.

"చెల్లెమ్మా, జంక్షన్‌లో కనుక్కొచ్చాను. కళ్ళు పోయినవాణ్ణి పన్లోంచి తియ్యరంట. కూర్చునే పని ఇస్తారంట. స్టోర్సులో కుర్చీ, పైన ఫ్యాను. ఒక అర్జీ పెడితే చాలు. బావగారికి చెప్పు."

"చెప్తాలే అన్నయ్యా," అంది.

చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఆవిడకి తెలుసు, అందుకే అంత అల్లాడింది. కుర్చీ వస్తే జంక్షన్‌లో గది వస్తుంది, మెట్లెక్కాల్సిన గది. ఆయన ఫ్యాను కింద కూర్చుంటాడు. తను? నాలుగు గోడల మధ్య పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి పొయ్యి దాకా. ఇక్కడ పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుంటే, మూడు మైళ్ళు తనవి. కంకరలో ఏ రాయి ఎక్కడ కదిలిందో తెలుసు. అది పోగొట్టుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు. అదే సమయంలో, ఎండలో చెమట తుడుచుకుంటూ, కాళ్ళు ఈడ్చుకుంటూ, తన భుజం పట్టుకుని నడిచే మనిషిని చూడలేక, మాటిమాటికీ నీడలో ఆపి మంచినీళ్ళు తాగించేది.

"ఇంకెంత దూరమే?" అనేవాడాయన.

"వచ్చేశాం."

"నిన్నా ఇక్కడే వచ్చేశాం అన్నావు."

"నిన్న వచ్చాం కదా మరి!"

ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ ఏడేళ్ళు లాగింది. ఆ ఏడేళ్ళలో ఒక్కరోజు కుదురుగా నిద్రపోలేదు. ఏ చీలైనా తన చెవి తప్పించుకుని, రాళ్ళబండి పడిపోతే? ఆ భయం ఒకటి. మేస్త్రీ నోరు జారితే? ఇది రెండోది. పెందరాళే లేచి ఒక మైలు వెళ్ళి చూసి వచ్చేది, మళ్ళీ ఆయనతో కలిసి ఏమీ ఎరగనట్టు బయల్దేరేది. మేస్త్రీ ఎదురైతే చాలు, ఇటు కాలు అటు వేసేది.

"చెప్పావా?" అనేవాడు.

"చెప్తున్నా."

"ఏడేళ్ళా చెప్పేది? కందకి లేని దురద కత్తిపీటకెందుకులే," అని తనే విసుక్కుని పోయేవాడు.

అప్పుడొచ్చాడు కొత్త ఇన్స్పెక్టరు. ఇద్దరు తోసేవాళ్ళు, ట్రాలీ మీద గొడుగు, ఒళ్ళో కాగితాల పుస్తకం. అంతకుముందున్నాయన ట్రాలీ మీద నిద్రపోతూ వచ్చి నిద్రపోతూ వెళ్ళేవాడు. ఈయన పది అడుగులకోసారి ట్రాలీ ఆపి, దిగి, వంగి చూస్తున్నాడు. చక్రాలమ్మ దూరం నుంచే చూసి సుత్తి మొగుడి చేతిలో పెట్టింది.

ఇన్స్పెక్టరు దగ్గరికొచ్చి ఒక చీల మీద వేలు పెట్టాడు.

"మేస్త్రీ, ఈ ముక్కలో కీమాన్ ఎవరు?"

"ఈయనే సార్."

"ఎడంచేతివాడా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చక్రాలమ్మ ఎడంచెయ్యి కొంగులో దాచేసుకుంది. మేస్త్రీ ఆవిడ వంక చూశాడు, ఆయన వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు.

"అవున్సార్. పుట్టుకతోనే."

"పుట్టుకతోనే అయితే ఈ పాత దెబ్బలేంటి? చీల తలకి దెబ్బ ఏ పక్క పడితే ఆ పక్క ఇనుము రేకులా వాలుతుంది. తుప్పు పట్టిన పాత దెబ్బలన్నీ కుడిచేతివి. మెరుస్తున్నవన్నీ ఎడంచేతివి. మూడు మైళ్ళూ ఇంతే. మధ్యలో చెయ్యి మారిందా?"

"వయసొచ్చాక మారింది సార్. కొంతమందికి గొంతు మారదూ, అలా..."

ట్రాలీ తోసేవాడొకడు కిసుక్కుమన్నాడు. ఇన్స్పెక్టరు నవ్వలేదు.

"ఏదయ్యా, ఒక దెబ్బ వెయ్యి, చూస్తాను," అని వదులుగా ఉన్న చీల ఒకటి బూటుతో తట్టి చూపించాడు.

ఆయన సుత్తి ఎడంచేత్తో పట్టుకున్నాడు. జన్మలో ఆ చేత్తో చెంచా కూడా ఎత్తినవాడు కాదు. బూటు చప్పుడైన వైపు కాలితో తడిమి, చీల ఎక్కడుందో పోల్చుకుని ఒకటి వేశాడు. పట్టాకి తగిలింది. చక్రాలమ్మ పెదవి కొరుక్కుంది. రెండోది చీలకి తగిలింది గానీ, అంచుకి. చీల మూలిగింది. ఆవిడ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారింది. మూడో దెబ్బకి చీల పక్కకి తిరిగి వంకరగా దిగడం మొదలుపెట్టింది. వంకరగా దిగిన చీల బిగిసినట్టే కనపడుతుంది, నాలుగు బండ్లు పోయేసరికి ఊడి కంకరలో పడుతుంది. అది ఆవిడకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఆయన నాలుగోదానికి సుత్తి ఎత్తాడు.

"అలా కాదయ్యా! వంకర పోతోంది, వంకర పోతోంది!"

నోరు ఎప్పుడు తెరుచుకుందో, కాళ్ళు ఎప్పుడు కదిలాయో ఆవిడకే తెలీదు. సుత్తి లాక్కుని, చీలని ఎదురు దెబ్బతో వెనక్కి లేపి, సరిచేసి, ఎడంచేత్తో ఒక్కటి వేసింది. ఖంగుమంది. తొమ్మిదేళ్ళు కన్నుల్లో వత్తులేసుకుని కాపాడుకున్న గుట్టు ఒక్క దెబ్బకి బయటపడింది.

ఇన్స్పెక్టరు ట్రాలీ మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మూత బిగించి, అప్పుడడిగాడు.

"ఎన్నాళ్ళబట్టి?"

"తొమ్మిదేళ్ళు," అంది ఆవిడ, సుత్తి కింద పెట్టకుండానే.

"ఈ తొమ్మిదేళ్ళలో ఈ మూడు మైళ్ళలో ఒక్క బండి పడలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఎందుకమ్మా ఇంత తిప్పలు? చూపు తగ్గినవాళ్ళకి కూర్చునే పని ఇమ్మని రూలుంది కదా. ఏమయ్యా మేస్త్రీ, వీళ్ళకి చెప్పాల్సిన బాధ్యత నీది కాదా?"

మేస్త్రీకి కోపమొచ్చింది. మాట పడే మనిషి కాదు.

"చెప్పకపోవడమేంటి సార్! ఈ అమ్మకే చెప్పాను. ఏడేళ్ళయింది. నీళ్ళతొట్టి దగ్గర."

ఆయన తల ఇటు తిప్పాడు. కనపడదు కదా, ఆవిడ ఎటుందో వెతుక్కుంటున్నట్టు తిప్పాడు.

"ఏమే," అన్నాడు. "కుర్చీ ఉందా?"

ఆవిడ సుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఏడేళ్ళు కుర్చీ ఉండగా నన్ను ఎండలో నడిపించావా?"

అంతే. ఆ పైన ఆయన ఆవిడ భుజం పట్టుకోలేదు. మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు. చక్రాలమ్మ అక్కడే నిలబడి, ఇంకా రెండు మైళ్ళ పట్టా మిగిలిందని చూసి, ముందుకి పోయి అది పూర్తిచేసుకుని వచ్చింది.

ఇన్స్పెక్టరు దయగలవాడు. చూపు ఈ నెలలోనే పోయినట్టు కాగితం రాశాడు. జంక్షన్ స్టోర్సులో కుర్చీ వచ్చింది. చీపుర్లు, నూనె డబ్బాలు, దీపం వత్తులు, అడిగినవాళ్ళకి చేత్తో తడిమి ఇవ్వడమే పని. ఆయన ఆ కుర్చీలో రాజ్యం ఏలాడనుకోండి. మనిషి ఒళ్ళు చేశాడు, రంగు తేలాడు, ఫొటోలో ఉన్న ఆ నల్లకళ్ళద్దాలు పెట్టాడు, జోకులు కూడా వేసేవాడంట. ఇంటికొస్తే మాత్రం గోడతో మాట్లాడేవాడు.

"ఈ ఇంట్లో మంచినీళ్ళుంటాయా?" అనేవాడు గోడని.

"ఉంటాయని చెప్పు," అనేది ఆవిడ, ఆ గోడకే.

రెండో అంతస్తు గది. పద్దెనిమిది మెట్లు. రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగేదో, కింద కాపురమున్న దర్జీ, "అమ్మా, మా మెట్లు అరిగిపోతున్నాయి, కాస్త కూర్చో," అని బతిమాలుకునేవాడు. ఊడ్చిన గది మళ్ళీ ఊడ్చేది, తోమిన గిన్నె మళ్ళీ తోమేది. కిటికీలోంచి చూస్తే పెద్దలైను యార్డు. అక్కడ పట్టాల కింద సిమెంటు దిమ్మలు, కొత్తరకం బిగింపులు. సుత్తితో పని లేదు.

ఏడాదిన్నర తిరిగేసరికి చిన్నలైను ఎత్తేస్తారని ఆర్డరొచ్చింది. రోడ్ల మీద లారీలు వచ్చాక దాని మొహం ఎవరు చూస్తున్నారు? ముందు నది లైను పోయింది, తర్వాత మిల్లు లైను, తర్వాత అడవి లైను. గనుల లైను ఆఖరికి. ఆఖరి బండికి పూలదండ వేశారంట, ఫొటోలు తీశారంట. ఆవిడ చూడ్డానికి పోలేదు. పోయినవాళ్ళని మాత్రం, "ఏ దగ్గరైనా ఊగిందా?" అని అడిగింది.

పట్టాలు పీకే పని కాంట్రాక్టరుకిచ్చారు. మర్నాటి నుంచి ఆవిడ పొద్దున్నే ఇంట్లో కనపడ్డం మానేసింది. నేరుగా వెళ్ళి కాంట్రాక్టరు ముందు నిలబడింది.

"పనిమ్మంటావా? ఆడవాళ్ళకి దిమ్మలు మోసే పని," అన్నాడు వాడు.

"మొయ్యను. సుత్తి ఇవ్వు."

"ఊడదీయడం అంత తేలిక కాదమ్మా. ఎవడు కొట్టాడో గానీ, గనుల వైపు మూడు మైళ్ళు చీలలు రాక మా వాళ్ళ చేతులు పడిపోతున్నాయి."

"ఎవరు కొట్టారనుకుంటున్నావు?" అంది.

వాడు ఆవిడని ఎగాదిగా చూశాడు. పక్కనున్న పాత గ్యాంగువాళ్ళు నవ్వడం చూసి సుత్తి ఇచ్చాడు. హాజరు పట్టీలో ఆవిడ వేలిముద్ర వేయించుకున్నాడు. తొమ్మిదేళ్ళు ఆ లైను మీద నడిచినా, పట్టీలో ఆవిడ ముద్ర పడ్డం అదే మొదలు.

పంతొమ్మిది రోజులు కొట్టింది. ఏ చీల ఎటు నుంచి దెబ్బ వేస్తే వస్తుందో, దేనికి ముందు రాత్రే నూనె పొయ్యాలో ఆవిడకి తెలుసు. ముందు ఆవిడ, వెనక పట్టాలు ఎత్తేవాళ్ళు, ఆ వెనక దిమ్మలు మోసేవాళ్ళు. వెనక్కి తిరిగి చూస్తే ఉత్త కంకర. అందుకే తిరిగి చూసేది కాదు. ఏడుస్తోందనుకుని పాత గ్యాంగులో ఒకావిడ ఓదార్చబోతే, "ఏడుపెందుకు, నడుస్తున్నానుగా. పక్కకి జరుగు, కాలు నలుగుతుంది," అని కసిరింది.

పన్నెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, ఆయన కుర్చీలోంచి పిలిచాడు. గోడని పిలిచినట్టు కాదు.

"ఏమే, ఎక్కడి దాకా వచ్చారు?"

చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"వాగు వంతెన దాటాం."

"వంతెన మీద నాలుగో చీల వచ్చిందా? నా రోజుల్లోనే మొండిది అది."

"రాలేదు. కోసేశారు."

ఆయన కుర్చీ ఇటు జరుపుకున్నాడు.

"నువ్వే ఎందుకు ఊడదీయాలే? అంత కష్టపడి కొట్టినదానివి."

"ఇంట్లో ఉండలేకయ్యా. ఏదో ఒకటి, నడవాలి నాకు. అప్పుడూ అంతే. కుర్చీ సంగతి అందుకే చెప్పలేదు. నీ కాళ్ళ నొప్పి తెలియక కాదు."

"ఆ ముక్క అప్పుడే చెప్పుంటే పోయేది కదా."

"చెప్పుంటే ఏం చేసేవాడివి?"

"ఏమో," అన్నాడాయన. "తిట్టుకుంటూ నడిచేవాణ్ణేమో."

ఆవిడ చెంబు కింద పెట్టింది. మర్నాడు ఆదివారం, స్టోర్సు సెలవు. పొద్దున్నే ఆయన చొక్కా తొడుక్కుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. భుజం మీద చెయ్యేసి, లెక్కపెట్టుకుంటూ పద్దెనిమిది మెట్లూ దిగి, ఆవిడతో పాటు పనికి పోయాడు. ఆ రోజు పొద్దుగూకేదాకా కంకర గుట్ట మీద కూర్చుని, "అది ఇంకా రాలేదే, ఇంకో దెబ్బ వెయ్యి," అని చప్పుడు విని చెప్తుంటే, "నాకు తెలుసులే, నువ్వు ఊరుకో," అని ఆవిడ. గొడవ పడుతూనే అర మైలు ఊడదీశారు.

ఆయన పోయింది ఆ తర్వాత పదకొండేళ్ళకి. ఆవిడ ఇక్కడికి, తమ్ముడింటికి వచ్చేసింది. లైనంతా ఏమైందంటారా? గనుల వైపు కట్ట మీద తారు రోడ్డేశారు. వాగు వంతెనకి రెండు రాతి కాళ్ళు మిగిలాయి. వాళ్ళున్న గదిలో ఇప్పుడు టైర్లకి పంచరు వేస్తారు. నీళ్ళతొట్టిలో ఎవరో తమలపాకు తీగ పెంచుతున్నారు. చక్రాలమ్మ మాత్రం ఇక్కణ్ణుంచి నడిచి ఆ కట్ట వెంబడి రోజూ పోయేది. లారీలు హారన్ కొడితే, "కొట్టరా, కొట్టు, నువ్వొచ్చి ఎన్నాళ్ళయింది," అనేది. ఒంట్లో బాగోలేదని ఆఖరి నెల మంచం మీద పడుకోబెడితే, దుప్పటి కింద పాదాలు రెండూ కదులుతూనే ఉండేవి. ఒక మధ్యాహ్నం కదలడం మానేశాయి. అప్పటికి ఆవిడ వయసు ఎనభై నాలుగు.